ఎక్కువా కాదు, తక్కువా కాదు

మనీషకు వంట రాదు, పాఠం వచ్చు. తల్లి రాధాబాయి మాత్రం బంధువులందరికీ ఇందులో మొదటి సగమే చెబుతుంది.

సిద్దిపేటలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మనీష గణితం లెక్చరరు. లెక్కల కోసమే తయారైన ఒక ప్రోగ్రామింగ్ భాషను రెండో సంవత్సరం పిల్లలకు నేర్పుతుంది. ఆ రోజు పాఠం పోలిక గుర్తులు. పెద్దది, చిన్నది, సమానం, సమానం కాదు. ఒకటో తరగతి నుంచీ చూస్తున్నవే కదా అని పిల్లలు సగం నిద్రలో ఉన్నారు. మధ్యాహ్నం క్లాసు, పైగా ల్యాబులో ఏసీ. నిద్ర రాకపోతేనే ఆశ్చర్యం.

"మీ నోట్సుల రాసే గుర్తు వేరు, గిది వేరు" అంది మనీష. "మీరు ఐదు, మూడు కంటె పెద్దది అని రాస్తే అది మీరు చెప్పిన మాట. గీడ రాస్తే అది మీరు అడిగిన ప్రశ్న. అవునంటే ఒకటి అంటది, కాదంటే సున్నా అంటది. ఇంకో మాట దానికి రాదు."

తెర మీద 5 > 3 అని కొట్టింది. ఒకటి వచ్చింది. ఎవరూ కళ్ళు పెద్దవి చేయలేదు.

అప్పుడు మనీష తన దగ్గరున్న అస్త్రం తీసింది. క్లాసు మొత్తానికి ఇంటర్నల్ పరీక్షలో వచ్చిన మార్కులన్నీ ఒకే వరుసగా తెర మీద పెట్టింది. ఒక్క దెబ్బకు అందరి నిద్రా వదిలింది. ఈ భాషలో ఉన్న సుఖమే అది. ఒక్కొక్కరినీ నిలబెట్టి అడగనక్కర్లేదు, వరుస మొత్తాన్ని ఒకేసారి అడగవచ్చు. ముప్పై ఐదు కన్నా తక్కువా అని అడిగేసరికి తెర నిండా ఒకట్లు, సున్నాలు పరుచుకున్నాయి. ఒకటి వచ్చినవాళ్ళు తలలు బల్లల కిందికి దించారు.

వర్షిత అనే అమ్మాయి పేరుకు ఎదురుగా సున్నా వచ్చింది. ఆమె అసలు ఆ పరీక్షే రాయలేదు. మేనమామ పెళ్ళికి పోయింది.

"మేడం, వర్షిత పాసయింది! పరీక్ష రాయకనే పాసయింది!" క్లాసంతా గోల. "పార్టీ ఇయ్యాలె!"

"ఆగున్రి" అని నవ్వి, మనీష ప్రశ్నను తిరగేసింది. ముప్పై ఐదు గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉందా? వర్షితకు మళ్ళీ సున్నాయే వచ్చింది.

వర్షిత లేచి నిలబడింది. "ఫెయిలు గాదు, పాసు గాదు. మరి నేనేడున్న మేడం?"

పిల్లలు ఇలాంటి ప్రశ్న అడిగిన రోజు మనీషకు పండగ. సుద్దముక్కలు లేని ల్యాబు కాబట్టి చేతులు గాలిలో తిప్పుతూ చెప్పింది. "అంకె లేని జాగల ఈ భాష ఒక గుర్తు పెట్టుకుంటది. దాన్ని నాన్ అంటరు. సంఖ్య కాదు అని దాని అర్థం. దాన్ని దేనితోని పోల్చినా కాదనే అంటది. పెద్దదా? కాదు. చిన్నదా? కాదు. సున్నాకు సమానమా? అదీ కాదు. సమానం కాదా అని అడిగితే తప్ప ఎన్నడూ అవునన్నది లేదు. ఆఖరికి దాన్ని దానితోనే పోల్చి చూడున్రి."

పిల్లలే కొట్టి చూశారు. నాన్, నాన్‌కు సమానమా? సున్నా.

"ఓ వర్షితా, నువ్వు నువ్వు కాదంటనే!" అని వెనక బల్ల నుంచి ఎవరో అరిచారు. ఈసారి మనీష కూడా ఆపుకోలేక నవ్వింది.

"గందుకే" అంది నవ్వుతూనే, "కాదన్నది గదా అని మురిసిపోవద్దు. అది మీ ప్రశ్నకు జవాబు కాకపోవచ్చు. ఆ గడిల చెప్పనీకి ఏమీ లేకనే కాదన్నదేమో..."

మాట అక్కడే ఆగిపోయింది. పిల్లలు ఆమె మొహం చూసి నవ్వడం మానేశారు. మనీష కూడా సరిగ్గా ఇలాగే ఒక ప్రశ్న రాసింది, కాదు అన్న జవాబు చూసి మురిసిపోయింది, పైగా దానికి శాలువా కూడా కప్పించుకుంది.

బతుకమ్మ పండగకు ముందు, పట్టణంలో ఒక సేవా సంఘం వాళ్ళు బడి పిల్లలకు వినికిడి పరీక్షల శిబిరం పెట్టారు. నరేందర్ అనే నిపుణుడు పిల్లల చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సన్నని శబ్దంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయేవాడు. వినబడగానే పిల్ల చెయ్యెత్తాలి. ఎంత శబ్దం దగ్గర చెయ్యెత్తితే అంత అంకె. అంకె పెద్దదయ్యేకొద్దీ వినికిడి తక్కువన్నమాట. ఆ అంకెలను మనీష విద్యార్థులు కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళు. మనీష రాసిన ప్రోగ్రాం ఒకటే ప్రశ్న అడిగేది, ఇరవై ఐదు కన్నా ఎక్కువా అని. అవునంటే పెద్ద డాక్టరును కలవమని చీటీ, కాదంటే వినికిడి సాధారణం అని చీటీ. నిమిషంలో చీటీ చేతికి వచ్చేది. ఇంత వేగంగా ఏ శిబిరమూ జరగలేదని అందరూ మెచ్చుకున్నారు. సాయంత్రం సభలో శాలువా కప్పారు. మనీష తండ్రి హరికిషన్‌కు బట్టల దుకాణం ఉంది. ఆయన ఆ శాలువాను రెండు వేళ్ళతో నలిపి చూసి, "గిది మన దుకాణంల కొన్నదే" అని చెప్పి, ఫోటో మాత్రం కౌంటరు పైన వేలాడదీశాడు.

క్లాసు వదిలేసి మనీష ల్యాబులోనే కూర్చుంది. శిబిరం వివరాలు తెరిచి, ప్రశ్నను తిరగేసి కొట్టింది. ఇరవై ఐదు గానీ, అంతకంటే తక్కువ గానీ ఎవరికి? రెండు ప్రశ్నలకూ అవునన్న పిల్లలను కలిపితే మొత్తం రావాలి. ఒకరు తక్కువయ్యారు. ఇక మిగిలింది మూడో ప్రశ్న. తనకు తానే సమానం కానిది ఎవరు?

ఒక్క పేరు వచ్చింది, పక్కన అంకె గడి ఖాళీగా. కెజియా, ఆరేళ్ళు. ధూళిమిట్ట దగ్గరి ఒక పల్లె. పక్కన తల్లి పేరు లిడియా, ఫోన్ నంబరు.

నరేందర్‌కు ఫోన్ చేస్తే ఆయనకు ఆ పిల్ల బాగానే గుర్తుంది. "రెండు చెవులకూ మిషన్ల ఉన్నంత పెద్దగ పెట్టిన మేడం. చెయ్యెత్తలే. గందుకే అంకె రాయకుంట గీత కొట్టిన. మా పనిల గీత అంటే అందరికీ తెలుసు, అసలే వినబడ్తలేదని."

"వాళ్ళమ్మకు మీరు నోటితోని చెప్పలేదా?"

"బయట లైను ఎంతున్నదో మీరూ చూసిన్రు గద. చీటీల వస్తదనుకున్న." తర్వాత తనే అడిగాడు. "చీటీల ఏమొచ్చింది మేడం?"

మనీష చెప్పింది. నరేందర్ గొంతు మారింది. ఆ పిల్లకు మెదడు పొరల వాపు జ్వరం వచ్చి తగ్గిందని తల్లి చెప్పిందట. అలాంటి జ్వరంతో పోయిన చెవికి ఆలస్యం పనికిరాదట. లోపల ఎముక పెరిగి దారి మూసుకుపోతుందట. అప్పుడు చెవిలో యంత్రం పెట్టే ఆపరేషన్ చేసినా ఫాయిదా ఉండకపోవచ్చట.

"మిషన్ల ఏదో తేడా వచ్చింది, మళ్ళ చూడాలె, తోలుకరమ్మని చెప్పున్రి" అన్నాడు చివరికి. "సోమవారానికి హైదరాబాదుల పెద్ద డాక్టరు దగ్గర నేను టైము తీసుకుంట. తప్పెవరిదని ఇప్పుడెందుకు మేడం? మీ పేరు ఖరాబు, నా పేరు ఖరాబు."

ఆ సలహా మనీషకు నచ్చింది. అవును, నచ్చింది, దాచుకోవాల్సిన పని లేదు. పిల్లకు వైద్యం అందుతుంది, కౌంటరు పైన ఫోటో ఉండిపోతుంది. మిషన్లో తేడా వచ్చింది అన్న మాటను రెండుసార్లు నోట్లోనే వల్లెవేసుకుని నంబరు నొక్కింది.

"కాలేజీ నుంచి మనీషను. చెవుల పరీక్షప్పుడు..."

"మిషన్ మేడమా! వందనాలు మేడం!" అవతలి గొంతు ఎంత సంతోషంగా ఉందంటే, మనీష తను చెప్పాలనుకున్నది మరిచిపోయింది. "జ్వరం వచ్చిపోయిన కాడికెల్లి నా బిడ్డ చెవులు పోయినయని ఏడ్వని రోజు లేదు మేడం. మీ చీటీల మంచిగున్నయని వచ్చింది. దేవుడు నా ప్రార్థన ఇన్నడు. చర్చిల సంఘమందరి ముంగట నిలవడి సాక్ష్యం జెప్పిన. ఈ ఐతారం మా ఇంటి ముంగట కృతజ్ఞత కూడిక పెట్టుకున్నం. మీరు రావాలె. మీరు రాకుంటే నేనొప్ప."

"సరే" అంది మనీష.

ఆ సరే ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. ఇలాంటి మాట ఎదురుగా నిలబడి చెప్పాలి అని తనకు తానే సర్దిచెప్పుకుంది. నిజానికి భయపడింది, అంతే.

ఆదివారం చేర్యాల దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకుంది. వరికోతలు అయిపోయిన రోజులు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటే, ఆటో మిగతా సగంలో భయంభయంగా పోయింది. దారి పొడుగునా మనీష మాటలు కూర్చుకుంటూనే ఉంది. మిషన్లో తేడా వచ్చింది. కాదు, ఒకసారి మళ్ళీ చూద్దాం. కాదు, రేపు ఊరికే ఒకసారి హైదరాబాదు పోయొద్దాం.

ఇంటి ముందు షామియానా వేశారు. పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద బగారన్నం ఉడుకుతోంది. లిడియా భర్త డేవిడ్ సెంట్రింగ్ పనికి పోతాడు. ఆ రోజు పని మానుకుని కుర్చీలు మోస్తున్నాడు. పాస్టరు గారు వచ్చి కూర్చున్నారు, డోలక్ మోగుతోంది. మనీషను చూడగానే లిడియా కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఉరికి వచ్చింది, రెండు చేతులూ పట్టుకుంది. వచ్చిన వాళ్ళందరికీ చూపించింది. మిషన్ మేడం, మిషన్ మేడం అని అందరూ లేచి నమస్కారాలు పెడుతుంటే మనీషకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

"కెజియా! ఇటు రాయే! మేడం అచ్చింది!"

షామియానా చివర ఒక పిల్ల అటు తిరిగి కూర్చుని, ఇసుకలో గోళీలు పేరుస్తోంది. కదల్లేదు. లిడియా ఇంకోసారి పిలిచింది, ఇంకా గట్టిగా. మూడోసారి పిలవలేదు. విసవిసా నడిచి పోయి వీపు మీద ఒక్కటి చరిచింది. పిల్ల ఉలిక్కిపడి లేచి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

"సూసిన్రా మేడం, ఎంత మొండిదో" అంది లిడియా, పిల్లను రెక్క పట్టుకుని లాక్కొస్తూ. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ. "జ్వరంల పలుకకపోవుడు అలవాటైంది. బడిల టీచరు గూడ గదే అంటది, ఇననట్టు నటిస్తదని. చెవులు మంచిగున్నయని మీ చీటీ సూపిచ్చిన ఆమెకు. ఇగ రెండు తగిలిస్తే గాని దారికి రాదు."

మనీష ఆటోలో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. మిషన్లో తేడా వచ్చిందని ఈ తల్లికి చెబితే, ఆ కొట్టే చెయ్యి రేపు ఆగుతుందేమో గానీ ఎల్లుండి ఆగదు.

"లిడియక్కా, లోపలికి రా. ఒక మాట."

లోపల బియ్యం బస్తాల పక్కన నిలబడ్డారు. లిడియా ఇంకా నవ్వుతూనే ఉంది, కానుక ఏమైనా తెచ్చిందేమో అన్నట్టు.

"ఆ చీటీ తప్పక్కా."

"ఏ చీటీ?"

"నేనిచ్చిన చీటీ. కెజియా ఆ రోజు చెయ్యెత్తనే లేదు. ఎంత పెద్ద సప్పుడు పెట్టినా ఎత్తలేదు. అందుకని ఆ సారు అంకె రాయకుండా గీత పెట్టిండు. నా ప్రోగ్రాం ఒక్కటే అడిగింది, అంకె ఇరవై ఐదు కన్నా ఎక్కువా అని. ఆడ అంకెనే లేదు. అది కాదన్నది. కాదంటే మంచిగున్నట్టే అని రాసింది నేను."

లిడియా నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, వెనక ఏమీ లేకుండా. "మంచిగున్నదని అది అనలేదా?"

"అనలే. తక్కువా అని అడిగినా కాదనే అంటుండె. ఆ బిడ్డ సంగతి దానికి ఏమీ తెల్వది."

"తెల్వకుంటే తెల్వదని చెప్పొద్దా?"

"చెప్పనీకి నేను జాగ పెట్టలేదక్కా. అవును, కాదు, రెండే పెట్టిన."

బయట డోలక్ ఆగి, పాట మొదలైంది. లిడియా గోడకు ఆనుకుంది.

"సంఘం ముంగట నిలవడి దేవుడు జేసిండని చెప్పిన" అంది నెమ్మదిగా. "గది దేవుడు గాదా? నువ్వా?"

"నేనే."

"మరి మొన్న ఫోన్ల నీ నోట్ల ఏముండె?" మీరు పోయి నువ్వు వచ్చింది, వచ్చినట్టు లిడియాకు కూడా తెలియలేదు. "సరే అంటివి. వస్తనంటివి. ఊరందరిని పిలిచినంక, బియ్యం పొయ్యిమీదికి ఎక్కినంక చెప్తవా? సదువుకున్నదానివి, నీకు గీత కనిపియ్యలేదా?"

"భయమైంది" అంది మనీష. కళ్ళనీళ్ళు వచ్చాయి గానీ, ఇక్కడ ఏడిచే హక్కు తనకు లేదనిపించి పళ్ళు బిగబట్టింది. సోమవారం హైదరాబాదులో డాక్టరు దగ్గర సమయం తీసుకున్నామని, ఆలస్యం చేయకూడదని, ఎముక సంగతి, నరేందర్ చెప్పినదంతా ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆపరేషన్ పని చేస్తుందా అని లిడియా అడిగితే, తెలియదంది.

లిడియా మళ్ళీ తిడుతుందేమో అని మనీష ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"జ్వరం అచ్చిపోయినంక గూడ నా బిడ్డ మీద చెయ్యెత్తలేదు నేను" అంది లిడియా. "పాపం ఇనొస్తలేదని ఎత్తుకొని తిరిగిన. నీ చీటీ అచ్చినకాడికెల్లి కొడుతున్న. ఇనొస్తది గాని నా మాట ఇంటలేదని కొడుతున్న."

అని, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని బయటికి నడిచింది. మనీష వెనకే గడప దాకా వచ్చి ఆగిపోయింది.

కెజియా మళ్ళీ ఇసుకలో కూర్చుని ఉంది. తల్లి నీడ పడగానే తలెత్తి చూసి, గోళీలు వదిలేసి లేచి నిలబడింది. లిడియా ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడింది. కొత్త చీరకు ఇసుక అంటుకుంది. పాట పాడేవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయి ఇటు చూశారు. లిడియా రెండు చేతులూ చాచి పిల్ల మొహం పట్టుకోబోయింది. పిల్ల మెడ భుజాల్లోకి ముడుచుకుపోయింది.

"మాఫ్ జెయ్యి బిడ్డా" అంది లిడియా. "నీకు ఇనొస్తలేదని నాకు తెల్వకపాయె."

కెజియా తల్లి పెదవులు కదలడం చూసింది. ఏమన్నదో తెలియలేదు. కానీ పెదవులు కదిలినప్పుడు ఏమనాలో ఈ మధ్యనే నేర్చుకుంది. కళ్ళు పెద్దవి చేసుకుని, తన గొంతు తనకే వినబడని పిల్ల కాబట్టి షామియానా మొత్తానికి వినబడేలా, గబగబా అరిచింది.

"ఇంటున్న అమ్మా! ఇనొస్తుంది! ఇంటున్న!"